హైవే పక్కన వింతలు: బండి ఆపి చూడాల్సినవి ఏవి, పోనివ్వాల్సినవి ఏవి?

మైలురాయి
లాంగ్ డ్రైవ్‌ల మీద ఈ వేదికలో చర్చలకు కొదవ లేదు. టైర్లు, మైలేజీ, రాత్రిపూట నడపడం, పిల్లల వాంతులు, అన్నీ ఉన్నాయి. కానీ గంటల తరబడి ఒకేలా సాగే రోడ్డు పక్కన ఉన్నట్టుండి ముక్కు నేలలో గుచ్చుకుని నిలబడ్డ కార్ల వరసో, మేడంత గొర్రెపోతో కనిపిస్తుంది చూడండి, వాటి గురించి విడిగా ఒక్క చర్చా లేదు. అందుకే ఇది.

కోటలకూ జలపాతాలకూ గైడు పుస్తకాలున్నాయి. నాకు మాత్రం ‘ఎవరికి పుట్టింది ఈ బుద్ధి?’ అనిపించే చోటే బ్రేకు మీదికి కాలు పోతుంది. టెక్సస్‌లో అమరిల్లో దగ్గర, ఐ-40 అనే ఇంటర్‌స్టేట్ హైవే పక్కనున్న క్యాడిలాక్ రాంచ్‌నే తీసుకోండి. 1974లో యాంట్ ఫార్మ్ అనే కళాకారుల బృందం పది క్యాడిలాక్ కార్లను వరసగా, సగం దాకా నేలలో పాతిపెట్టింది. డబ్బూ స్థలమూ ఇచ్చింది స్టాన్లీ మార్ష్ 3 అనే అక్కడి సంపన్నుడు. పేరు చివర రోమన్ అంకె పెట్టుకుంటే మరీ డాబుగా ఉంటుందని మామూలు 3 వేసుకున్న మనిషి! కార్లన్నీ 1949 నుంచి 1963 దాకా వచ్చిన మోడళ్ళు. వరస వెంట నడుస్తుంటే ఆ కాలపు కార్ల వెనక చివర పైకి లేచే రెక్కలు ఎలా మొలిచాయో, ఎంత పెరిగాయో, మళ్ళీ ఎలా తగ్గాయో కళ్ళకు కడుతుంది.

వచ్చినవాళ్ళు స్ప్రే పెయింటు కొట్టొచ్చు. దగ్గరికెళ్తే ఇనుము ఎక్కడుందో తెలియదు. రంగు మీద రంగు పేరుకుపోయి అంచులన్నీ గుండ్రబడ్డాయి. ఎక్కడైనా పెచ్చు ఊడితే లోపల ఎరుపు, పసుపు, నీలం సన్నటి చారలు కనిపిస్తాయి. వేలితో నొక్కి చూడండి, పైపొర ఇంకా మెత్తగానే ఉంటుంది.

నా సూత్రం ఒకటే. బోర్డులు పెట్టి గొంతు చించుకునే చోట్లను వదిలేయండి. ఎవరో ఒక్క మనిషి మొండిపట్టు పట్టి కట్టిన చోట ఆగండి. కాదంటే వాదనకు నేను రెడీ.

గేరు_మార్చు
చర్చ బాగుంది అన్నా, సూత్రమే బాగోలేదు. బోర్డులు లేకపోతే వాల్ డ్రగ్ ఎక్కడిది?

దక్షిణ డకోటాలో వాల్ అని చిన్న ఊరు. 1931లో టెడ్ హస్టెడ్ అనే ఆయన అక్కడ మందుల షాపు కొని, అయిదేళ్ళు ఈగలు తోలుకున్నాడు. 1936 వేసవిలో ఓ మధ్యాహ్నం ఆయన భార్య డొరతీ కాసేపు పడుకుందామంటే రోడ్డు మీద కార్ల మోతకు నిద్ర పట్టలేదట. ఇన్ని కార్లు పోతున్నాయి, ఒక్కటీ ఆగదే, వీళ్ళకు ఏం కావాలి అని ఆలోచించింది. ఎండలో పడి వచ్చేవాళ్ళకు చల్లటి నీళ్ళు కావాలి! ‘ఐసు నీళ్ళు ఉచితం’ అని వరసగా బోర్డులు పెట్టారు. టెడ్ బోర్డులు పాతి ఇంటికి తిరిగొచ్చేసరికే జనం షాపులో ఉన్నారని ఆ కుటుంబం చెప్పుకునే కథ. ఇప్పుడు అక్కడ 80 అడుగుల డైనోసార్ బొమ్మ కూడా ఉంది. నీళ్ళు ఇప్పటికీ ఉచితమే.

మొండిపట్టు అంటే ఇది కాదా? చేతిలో తాపీ బదులు బోర్డు ఉందంతే.

కొలతలబద్ద
ఒక్క మనిషి మొండిపట్టు అన్నారు కాబట్టి నా సబ్జెక్టు వచ్చేసింది. పురికొస ఉండలు.

నవ్వకండి. మిన్నెసోటాలో డార్విన్ అనే ఊళ్ళో ఫ్రాన్సిస్ జాన్సన్ అనే ఆయన 1950 మార్చిలో పురికొస చుట్టడం మొదలుపెట్టాడు. 29 ఏళ్ళు చుట్టాడు. బరువు 17,400 పౌండ్లు, అంటే దాదాపు 7,900 కిలోలు. అడ్డకొలత 12 అడుగులు. అంత ఉండను చేత్తో దొర్లించడం కుదరదు కదా, రైలు పట్టాల పనిలో వాడే జాకీలు పెట్టి లేపి, తిప్పి చుట్టేవాడు. అలా లేపకపోతే అడుగు చదునైపోయి గుండ్రం చెడుతుంది. ఇప్పుడది ఊళ్ళోనే గాజు గోడల మండపంలో ఉంది.

దీనికి పోటీ కాన్సస్‌లోని కాకర్ సిటీ. అక్కడ ఫ్రాంక్ స్టోబర్ అనే రైతు 1953లో మొదలుపెట్టాడు. 1961లో ఉండను ఊరికి ఇచ్చేశాడు, 1974లో పోయాడు. ఊరు మాత్రం ఆపలేదు. ఏటా ఆగస్టులో అందరూ చేరి చుట్టడం ఓ ఉత్సవంలా జరుగుతుంది. దారిన పోయేవాళ్ళు కూడా తమ వంతు చుట్టొచ్చు. కాబట్టి ‘ఒక్కరే చుట్టిన వాటిలో పెద్దది’ అని డార్విన్ వాళ్ళు, ‘అసలు పెద్దది మాదే’ అని కాకర్ సిటీ వాళ్ళు. రెండూ నిజమే అనుకోండి.

మైలురాయి గారి లెక్క ప్రకారం డార్విన్ గెలవాలి. నా ఓటు కాకర్ సిటీకి. డార్విన్ ఉండను అద్దంలోంచి చూస్తాం. కాకర్ సిటీలో కొస పట్టుకుని ఉండ చుట్టూ నడుస్తాం. దగ్గరగా చూస్తే పైపొరల్లో ఎవరి ముడి వాళ్ళదే. ఒకరిది బిగుతు, ఒకరిది వదులు, ఇంకొకరు కొసను దోపి వదిలేశారు.

బ్యాక్‌సీట్_బాబాయ్
29 ఏళ్ళు తాడు చుట్టాడా! ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదా?

కొలతలబద్ద
బాబాయ్, ఆయన పెన్సిళ్ళు కూడా పోగేశాడు. చెక్కతో ప్లయర్లు చెక్కేవాడు. వాటితో పోలిస్తే తాడు నయం అనుకుని ఉంటారు.

ముందుసీటు_మహారాణి
నేను కార్‌హెంజ్‌కి ఓటేస్తా. నెబ్రాస్కాలో అలయన్స్ ఊరి బయట, ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ అనే పురాతన రాతి వలయాన్ని పాత కార్లతో అచ్చంగా కట్టారు. 39 కార్లు. అన్నిటికీ రాయి రంగు బూడిద పూత. కట్టించింది జిమ్ రైండర్స్, 1987లో, చనిపోయిన తన తండ్రి జ్ఞాపకంగా. చుట్టాలందర్నీ పోగేసి ఆ వేసవిలో కట్టేశారు. ఊరివాళ్ళకు మొదట అస్సలు నచ్చలేదు, పీకేయమన్నారు కూడా. ఇప్పుడు ఆ ఊరి పేరు బయటివాళ్ళకు తెలిసేదే దాని వల్ల.

ఫొటోలో చూసి ‘ఓస్, కార్ల కుప్ప’ అనుకునేవాళ్ళు ఒకసారి మధ్యలో నిలబడి చూడాలి. నిలువు కార్ల మీద అడ్డంగా పెట్టిన కార్లు నెత్తి మీద ఉంటాయి. చక్రాల కమానుల్లో పిచ్చుకలు దూరుతూ ఉంటాయి. నవ్వు కాసేపటికి ఆగిపోయి, ‘క్రేన్ ఎక్కడ నిలబెట్టి ఉంటారు, మొదట ఏది దించి ఉంటారు’ అని మనసు లెక్కలు మొదలుపెడుతుంది.

ఇంకోటి, ఇది మరీ ముద్దుగా ఉంటుంది. ఓక్లహోమాలో కటూసా దగ్గర, పాత రూట్ 66 పక్కన చెరువులో నీలం తిమింగలం. పొడవు 80 అడుగులు. హ్యూ డేవిస్ అనే ఆయన 1970ల మొదట్లో పెళ్ళిరోజు కానుకగా తన భార్య జెల్టాకు కట్టి ఇచ్చాడు. ఆవిడకు తిమింగలం బొమ్మలు పోగేసే సరదా ఉండేదట. అల్మరాలో పట్టే బొమ్మ కొనిస్తే సరిపోయేది కదా అని ఎవరూ అనకండి దయచేసి.

బ్యాక్‌సీట్_బాబాయ్
అనబోయాను. ఆపేశాను.

స్టెప్నీ
అందరూ ఒక్క మనిషి, ఒక్క మనిషి అంటున్నారు. నా లెక్క వేరు. వీటిలో సగం వాటికి కారణం బైపాస్ రోడ్డు.

కెనడాలో ఒంటారియోలోని వావా చూడండి. 1960లో ట్రాన్స్ కెనడా హైవేలో అక్కడి భాగం పూర్తయింది. పూర్తయిందన్న సంబరం లేకుండా రోడ్డు ఊరి నడిబొడ్డును తప్పించుకుని పక్క నుంచి పోయింది. కార్లు ఊళ్ళోకి రావని అక్కడి వ్యాపారులకు టెన్షన్ పట్టుకుంది. అల్ టర్కాట్ అనే వ్యాపారి ముందుకొచ్చి హైవే మలుపు దగ్గర పెద్ద బాతు బొమ్మ పెట్టించాడు. మొదటిది ప్లాస్టరుది. అక్కడి చలికీ వానకీ పాడైపోయింది. 1963లో ఉక్కుతో ఇంకోటి చేశారు, ఎత్తు 28 అడుగులు. అదీ తుప్పుపట్టిపోతే 2017లో కొత్తది పెట్టారు. అంటే ఊరు మూడోసారి బాతును చేయించుకుంది. బాతు లేకపోతే బండి ఆగదని వాళ్ళకు బాగా తెలుసు.

ఆస్ట్రేలియాలో గౌల్‌బర్న్ ఊరి మెరీనో గొర్రెపోతుది ఇంకా గట్టి కథ. 1985లో కాంక్రీటుతో కట్టారు. ఎత్తు 15 మీటర్లు, బరువు 97 టన్నులు. 1992లో హ్యూమ్ హైవే ఊరిని తప్పించుకుని కొత్త దారిలో వెళ్ళింది. జనం తగ్గారు. మామూలుగా అయితే మూసేసుకుంటారు. వీళ్ళు 2007లో ఆ 97 టన్నుల గొర్రెపోతును అలాగే ఎత్తి, దాదాపు 800 మీటర్లు జరిపి, హైవే ఎగ్జిట్ దగ్గర నిలబెట్టారు! రోడ్డు గొర్రె దగ్గరికి రాకపోతే గొర్రే రోడ్డు దగ్గరికి పోయింది.

కాలిఫోర్నియాలో కాబజోన్ డైనోసార్లు తెలుసుగా, ఐ-10 పక్కన. క్లాడ్ బెల్ అనే శిల్పి తన హోటలుకు జనం రావాలని 1964లో మొదలుపెట్టాడు. ఆ ఇంటర్‌స్టేట్ కట్టినప్పుడు మిగిలిన ఇనుము, సిమెంటు ఏరుకొచ్చి కట్టాడు. రోడ్డు మిగిల్చిన సామానుతో రోడ్డు మీద పోయేవాళ్ళను ఆపే బొమ్మ. పెద్దది 150 అడుగుల పొడవు.

మైలురాయి
> రోడ్డు గొర్రె దగ్గరికి రాకపోతే గొర్రే రోడ్డు దగ్గరికి పోయింది.

స్టెప్నీ గారూ, ఇది పాయింటే. క్యాడిలాక్ రాంచ్‌ను కూడా 1997లో రెండు మైళ్ళు పడమరకు జరిపారు. ఊరు పెరిగి దగ్గరికి వచ్చేస్తోందని. గౌల్‌బర్న్‌ది జనం కోసం జరగడం, ఇది జనానికి దూరం జరగడం. కానీ క్లాడ్ బెల్ మాత్రం నా లెక్కలోకే వస్తాడు. హోటలుకు గిరాకీ కోసమే అయితే ఒక బోర్డు చాలు, పదేళ్ళకు పైగా డైనోసార్ కడతారా ఎవరైనా!

గేరు_మార్చు
ఒక్కరు కట్టింది, ఊరు కట్టింది అని రెండే కాదు, ఫ్యాక్టరీలో అచ్చుపోసిన వింతలు కూడా ఉన్నాయి. అమెరికా రోడ్ల పక్కన ‘మఫ్లర్ మ్యాన్’ అనే ఫైబర్‌గ్లాస్ రాక్షసులు. 1960లలో కాలిఫోర్నియాలో ఇంటర్నేషనల్ ఫైబర్‌గ్లాస్ అనే కంపెనీ తయారుచేసి దేశమంతా అమ్మింది. 20 అడుగుల మగవాడు, గట్టి దవడ.

వాటి చేతులు గమనించండి. ఒక అరచెయ్యి పైకి, ఇంకోటి కిందికి తిరిగి ఉంటుంది. ఎందుకంటే మొదటి అచ్చు గొడ్డలి పట్టుకున్న కట్టెలు కొట్టేవాడిది. ఆ అచ్చునే వాడుతూ గొడ్డలి తీసేసి, కారు సైలెన్సర్ (అక్కడ దాన్నే మఫ్లర్ అంటారు) పెట్టారు, టైరు పెట్టారు. ఇల్లినాయ్‌లో విల్మింగ్టన్ దగ్గర ఒకడికి అంతరిక్ష హెల్మెట్ తొడిగి రాకెట్ ఇచ్చారు. ఏమిచ్చినా చేతులు మాత్రం గొడ్డలి పట్టుకున్నట్టే ఉంటాయి. ఒకసారి ఇది తెలిశాక ప్రతి రాక్షసుడి దగ్గరా ముందు చేతులే చూస్తాం.

బ్యాక్‌సీట్_బాబాయ్
నేను మాత్రం బోర్డుల బాధితుణ్ణి. పేరు చెప్పను. చాలా దూరం నుంచే మొదలయ్యాయి బోర్డులు. ‘అదేమిటో తెలుసా?’ అని ఒకటి. కాస్త దూరం పోయాక ‘ఇంకా తెలియలేదా?’ అని ఒకటి. వెనక సీట్లో పిల్లలు ఒకటే గోల. ఆపక తప్పలేదు. టికెట్టు కొని లోపలికి పోతే మసక వెలుతురు గది, దుమ్ముపట్టిన అద్దాల పెట్టె, అందులో ఎండిపోయిన ఏదో. పక్కన ఒక కాగితం, దాని మీద ‘ఇదేమిటో మీరే చెప్పండి’ అని. బయటికొచ్చే దారి బొమ్మల షాపులోంచే. మా చిన్నది రబ్బరు పాము కొనేదాకా కదల్లేదు.

మైలురాయి గారి సూత్రానికే నా ఓటు.

ముందుసీటు_మహారాణి
బాబాయ్ గారూ, పిల్లలు అంతసేపు ఫోను అడగకుండా బోర్డులు లెక్కపెట్టారు కదా? టికెట్టు డబ్బులు దానికే అనుకోండి.

బ్యాక్‌సీట్_బాబాయ్
అలా ఎవరూ చెప్పలేదమ్మా. ఇప్పుడు కొంచెం తగ్గింది కోపం.

నిద్రపట్టని_నావిగేటర్
బోర్డు గురించే అయితే స్పెయిన్ ఎద్దు గురించి ఎవరూ ఎత్తలేదేంటి? అది బోర్డుగా పుట్టి, బోర్డు కాకుండా బతికింది.

1956లో ఓస్‌బోర్న్ అనే కంపెనీ తన బ్రాందీ ప్రకటన కోసం మనోలో ప్రియెటో అనే చిత్రకారుడితో నల్ల ఎద్దు బొమ్మ గీయించింది. మరుసటి ఏడాది రోడ్ల పక్కన చెక్కతో నిలబెట్టారు. అప్పుడు ఎత్తు నాలుగు మీటర్లే. చెక్క వానకు ఆగక రేకుకు మారారు. ప్రకటనలు రోడ్డుకు దూరంగా ఉండాలని నిబంధన వచ్చింది. దూరం జరిపితే చిన్నగా కనబడుతుందని 14 మీటర్లకు పెంచారు. 1988లో రోడ్ల పక్కన ప్రకటనలే కూడదన్నారు. సరే అని కంపెనీ పేరు చెరిపేసి, ఒట్టి నల్ల ఎద్దును వదిలారు. అదీ తీసేయాలన్నప్పుడు జనం ఊరుకోలేదు. చివరికి 1997లో అక్కడి సుప్రీంకోర్టు, ఇది ఇప్పుడు ప్రకటన కాదు, ఆ ప్రకృతి దృశ్యంలో భాగమైపోయింది కాబట్టి ఉండొచ్చు అంది.

ఇది ఆగి చూసేది కాదు. గుట్ట మీద దూరంగా కనబడుతుంది, పెరుగుతుంది, వెనక్కి పోతుంది. నడుస్తున్న కారులోంచే చూడాలి. వెనక్కి తిరిగి చూస్తే దాన్ని నిలబెట్టిన ఇనుప చట్రం కూడా కనబడుతుంది. అదీ నాకు ఇష్టమే.

స్టెప్నీ
ఆస్ట్రేలియా వాళ్ళ పెద్ద బొమ్మల పిచ్చి గురించి ఇంకొంచెం. 1964లో కాఫ్స్ హార్బర్‌లో పెట్టిన 13 మీటర్ల అరటిపండు దగ్గర్నుంచి ఊరికో పండో జంతువో. దక్షిణ ఆస్ట్రేలియాలో కింగ్‌స్టన్ అనే తీరపు ఊళ్ళో 1979లో కట్టిన ఎండ్రరొయ్య 17 మీటర్లుంటుంది. అడుగుల్లో ఇచ్చిన కొలతను మీటర్లనుకుని కట్టేశారని ఒక పుకారు. పుకారే అయినా దాన్ని చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

2014 ఫిబ్రవరిలో బోవెన్ ఊళ్ళో పది మీటర్ల మామిడిపండు రాత్రికి రాత్రి మాయమైంది. దొంగతనం అని వార్తలు. తీరా చూస్తే ఊరికి దగ్గర్లోనే చెట్లకొమ్మలు కప్పి దాచారు. ఓ రెస్టారెంట్ల సంస్థ ప్రచారం కోసం ఆడిన నాటకం. క్రేన్‌తో మామిడిపండు ఎత్తుకుపోతుంటే ఒక్కడూ ‘ఎక్కడికిరా’ అనలేదు మరి!

నిద్రపట్టని_నావిగేటర్
ఒక సందేహం. లద్దాఖ్‌లో లేహ్ నుంచి కార్గిల్ వెళ్ళే దారిలో మాగ్నెటిక్ హిల్ ఉంది. కెనడాలో మాంక్టన్‌లోనూ అదే పేరుతో ఒకటి ఉంది. న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు వదిలితే కారు ఎత్తుకు ఎక్కుతుంది. నేను కళ్ళారా చూశాను. కొండలో అయస్కాంతం ఉన్నట్టేనా?

కొలతలబద్ద
లేదండీ. కళ్ళారా చూశారు, సమస్య అక్కడే. అది ఎత్తు కాదు, పల్లం. అసలు దిగంతం కొండల వెనక దాగిపోతుంది. చుట్టూ ఉన్న వాలులే మనకు కొలత అవుతాయి. పెద్ద వాలు పక్కన చిన్న పల్లం ఎత్తుగా కనబడుతుంది.

మీరే పరీక్షించొచ్చు. సీసాలో నీళ్ళు తీసుకెళ్ళి రోడ్డు మీద పోయండి. నీళ్ళు కూడా కారు వెళ్ళిన వైపే ‘ఎక్కుతాయి’. ఇనుము కాకపోయినా! తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం ఉంటే ఇంకా మంచిది, బుడగ అబద్ధం చెప్పదు.

నిద్రపట్టని_నావిగేటర్
అర్థమైంది. అయినా మళ్ళీ వెళ్తే మళ్ళీ బ్రేకు వదులుతా. పల్లమని తెలిసినా కళ్ళు ఒప్పుకోవుగా.

గేరు_మార్చు
కళ్ళను మోసం చేసే రోడ్డు అయింది కాబట్టి చెవులను ఏడిపించే రోడ్డు. కాలిఫోర్నియాలో లాంకస్టర్‌లో 2008లో ఒక కారు కంపెనీ ప్రకటన కోసం రోడ్డు మీద గాళ్ళు కోశారు. వాటి మీద కారు పోతే టైర్లు ఒక ప్రసిద్ధ సంగీత కృతిని వాయిస్తాయి. గాళ్ళు దగ్గరగా ఉంటే స్వరం హెచ్చుతుంది, ఎడంగా ఉంటే తగ్గుతుంది. వేగం మారితే మొత్తం శ్రుతి మారుతుంది.

కానీ స్వరాలు తప్పాయి. గాళ్ళ మధ్య ఖాళీని కొలిచారే తప్ప గాడి వెడల్పును లెక్కలో కలపలేదని ఒక భౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించారు. పైగా దగ్గర్లో ఇళ్ళవాళ్ళకు రాత్రీ పగలూ అపశ్రుతి! గొడవ చేస్తే మూసేసి, ఇంకో చోట మళ్ళీ కోశారు. అదే తప్పుతో!

నెదర్లాండ్స్‌లో 2018లో ఫ్రీస్‌లాండ్ ప్రాంతపు గీతాన్ని వాయించే రోడ్డు వేస్తే ఊరివాళ్ళు నిద్రల్లేక కొద్ది రోజులకే తీయించేశారు.

కొలతలబద్ద
గాడి వెడల్పు కలపలేదా! రెండోసారి కూడానా! నాకు ఇవాళ రాత్రి నిద్ర పట్టదు.

వేదిక_నిర్వాహకులు
చర్చ బాగా సాగుతోంది, ఆపడం లేదు. ఒక్క మాట. ఫొటో కోసం హైవే అంచున బండి ఆపకండి. చాలా చోట్ల అది చట్టవిరుద్ధం, అన్ని చోట్లా ప్రమాదం. ఎగ్జిట్ తీసుకుని, పార్కింగ్ ఉంటేనే ఆగండి. వింత కనిపించిన క్షణంలో బ్రేకు వేయకండి. మీ వెనకవాడికి వింత మీరే అవుతారు.

మైలురాయి
ఒప్పుకుంటున్నా. ‘బ్రేకు మీదికి కాలు పోతుంది’ అన్నది రాతలో మాత్రమే.

ముందుసీటు_మహారాణి
నాకో ప్రశ్న. క్యాడిలాక్ రాంచ్‌లో అందరూ రంగు కొడతారు. మరి చిలీలో అటకామా ఎడారి చెయ్యి మీద రాస్తే తప్పెందుకు? అక్కడ ఇసుకలోంచి 11 మీటర్ల చెయ్యి పైకి లేచి ఉంటుంది. అంటొఫగాస్టాకు దక్షిణంగా రూట్ 5 పక్కన, చుట్టూ ఏమీ ఉండదు. మారియో ఇరర్రాసబల్ చేసిన శిల్పం, 1992లో పెట్టారు. వచ్చినవాళ్ళు పేర్లు రాసిపోతుంటారు, అప్పుడప్పుడూ శుభ్రం చేస్తుంటారు. మనవాడు ఒకడు ‘రెండూ ఒకటే కదా’ అని వాదించాడు.

మైలురాయి
ఒకటి ఎలా అవుతుందండీ? క్యాడిలాక్‌ల మీద కొట్టమని వదిలేశారు. ఈ రోజు మీరు రాసింది రేపటికి ఇంకొకరి రంగు కింద ఉంటుంది. ఆ చెయ్యికి ఉన్నదంతా ఖాళీయే. వేలి మీద ఎవరిదో పేరుంటే చూపు దాని మీదికే పోతుంది.

స్టెప్నీ
దాని కంటే చిక్కు టెక్సస్‌లోని ప్రాడా మార్ఫా. వాలంటైన్ అనే చిన్న ఊరి దగ్గర, యూఎస్ 90 పక్కన, ఎవరూ లేని చోట ఖరీదైన బ్రాండు షోరూమ్. అద్దాల వెనక నిజమైన చెప్పులు, బ్యాగులు. తలుపు మాత్రం తెరుచుకోదు. ఎల్మ్‌గ్రీన్, డ్రాగ్‌సెట్ అనే ఇద్దరు కళాకారులు 2005లో కట్టారు. పెట్టిన కొద్ది రోజులకే పగలగొట్టి సామానంతా ఎత్తుకుపోయారు. మళ్ళీ పెట్టినప్పుడు అడుగు లేని బ్యాగులు, ఒక్క కుడికాలి చెప్పులే పెట్టారు! దొంగకు ఇంతకంటే మర్యాదగా ఎవరూ జవాబు చెప్పి ఉండరు.

2013లో రోడ్ల శాఖ ఇది అనుమతి లేని ప్రకటన అంది. స్పెయిన్ ఎద్దుకు పట్టిన గతే. 2014లో ఒకే ఒక్క వస్తువు ఉన్న మ్యూజియంగా గుర్తింపు తెచ్చుకుని బయటపడింది.

బ్యాక్‌సీట్_బాబాయ్
అంతా సరే గానీ, వీటిలో కొన్నిటిని ఒకే దారిలో కలిపి చూడొచ్చా? ఎవరైనా వరస చెప్పండి. పిల్లలు తిమింగలం అంటున్నారు.

గేరు_మార్చు
చెప్తా బాబాయ్. వాల్ డ్రగ్‌తో మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి దక్షిణంగా దిగితే అలయన్స్, కార్‌హెంజ్. తర్వాత ఆగ్నేయంగా కాకర్ సిటీ. ఇంకా దక్షిణంగా ఓక్లహోమాలోకి దిగితే కటూసా తిమింగలం. అక్కణ్ణుంచి పడమరగా ఐ-40 పట్టుకుంటే అమరిల్లో. ఓపిక ఉంటే ఇంకా నైరుతిగా ప్రాడా మార్ఫా, కానీ అది చాలా దూరం, పిల్లలకు తెరుచుకోని తలుపు చూపించడానికి అంత పెట్రోలు ఎందుకు?

కొలతలబద్ద
డార్విన్‌ను వదిలేశారే!

గేరు_మార్చు
మీ ఓటు కాకర్ సిటీకి కదా?

కొలతలబద్ద
ఓటు వేరు, కొలత వేరు. రెండు ఉండలూ చూడకుండా పోలిక ఎలా తెలుస్తుంది? బాబాయ్, మీరు డార్విన్ నుంచి బయల్దేరండి. నైరుతిగా దిగి ఐ-90 ఎక్కి పడమరకు తిరిగితే వాల్ అదే రోడ్డు మీద వస్తుంది. మధ్యలో మిచెల్ అనే ఊళ్ళో మొక్కజొన్న ప్యాలెస్ కూడా ఉంది. మొదటిది 1892లో కట్టారు, ఇప్పుడున్న భవనం 1921ది. గోడల మీద బొమ్మలన్నీ రంగురంగుల మొక్కజొన్న కంకులతో చేసినవే, పాతవి తీసేసి కొత్తవి వేస్తుంటారు. పక్షులు వచ్చి గోడను తింటుంటాయి.

బ్యాక్‌సీట్_బాబాయ్
గోడను తింటాయా! అది ముందు చూడాలి. వరస రాసుకున్నా. బోర్డుల దగ్గర మాత్రం ఆపను, వాల్ డ్రగ్ తప్ప. అక్కడ నీళ్ళు ఉచితమన్నారుగా.